గూడు ఒక చోట, కూడు ఒక చోట

పేదవాడికి ఇల్లు కట్టడం అంటే నాలుగు గోడలు లేపి తాళం చెవి చేతిలో పెట్టడం ఒక్కటే కాదు. ఆ ఇంట్లో కాపురం పెట్టినవాడు తెల్లవారి లేచి ఎక్కడికి పనికి వెళ్ళాలి, ఉప్పూ పప్పూ ఎక్కడ కొనుక్కోవాలి, పిల్లవాడికి జ్వరమొస్తే ఏ మందుల షాపుకు పరుగెత్తాలి అన్నవి కూడా ఇంటితోపాటే ఆలోచించవలసిన సంగతులు. అమలాపురం పట్నం ఇళ్ళ విషయంలో ఈ ఆలోచన వెనకబడింది. రేపు కట్టబోయే ఇళ్ళ విషయంలోనైనా అది ముందుకు రావాలి.

అమలాపురం మునిసిపాలిటీలోని ఇళ్ళు లేని వారికోసం తలపెట్టిన టిడ్కో మేడలు పట్నంలో లేవు. అల్లవరం మండలం బోడసకుర్రులో ఉన్నాయి. అంటే వైనతేయ గోదావరి వైపు, పాశర్లపూడి వంతెనకు పోయే దారిలో ఉన్న పల్లెటూరు. పట్నంలో చోటు దొరకలేదు గనుక పల్లెలో కట్టారు. గడియారస్తంభం సెంటరులో పనిచేసుకునే మనిషికి బోడసకుర్రులో ఇల్లు అన్నమాట.

ఇది పట్నం వారి గొడవ, మన పల్లెలకేం పట్టింది అనుకోరాదు. పట్నంలో అద్దె గదుల్లో ఉంటున్న హోటలు పనివారు, కుట్టుపని వారు, తాపీ పనివారు, ఆసుపత్రులలో ఆయాలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు? మన లంకల నుంచి, మన పేటల నుంచి వెళ్ళినవారే. కట్టిన మేడలు ఉన్నదీ పల్లె నేలమీదే. వాటి మురుగు వచ్చేదీ మన కాలువలోకే. అక్కడ అమ్ముడయ్యే కూరగాయలు, పాలు, కొబ్బరికాయలు పండించేదీ మనమే. కనుక ఈ విషయంలో మాట్లాడే హక్కు పల్లెవారికీ ఉంది.

ఎవరికి ఏ కొలత

టిడ్కో ఇళ్ళలో మూడు రకాలున్నాయి. 300 చదరపు అడుగులది ఒకటి, 365ది ఒకటి, 430ది ఒకటి. మన లెక్కలో చెప్పాలంటే సెంటు స్థలం 435 అడుగుల పైచిలుకు. అంటే అన్నిటికంటే పెద్ద ఇల్లు కూడా సెంటుకు కాస్త తక్కువే. చిన్నది ముప్పాతిక సెంటు కూడా లేదు.

2015లో కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఈ ఇళ్ళకు కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్షన్నర ఇచ్చేట్టు ఏర్పాటు. మిగిలింది లబ్ధిదారు వాటా, బ్యాంకు అప్పు. మొదట్లో 300 అడుగుల ఇంటికి 500 రూపాయలు కట్టి, 2 లక్షల 65 వేలు అప్పుగా తీర్చుకోవాలన్నారు. 365 అడుగుల ఇంటికి 50 వేలు, 430 అడుగుల ఇంటికి లక్ష రూపాయలు ముందుగా కట్టాలన్నారు. ఆ పైన మొదటిదానికి 3 లక్షల 15 వేలు, రెండోదానికి 3 లక్షల 65 వేలు అప్పు. 2019లో ప్రభుత్వం మారాక చిన్న ఇల్లు ఒక్క రూపాయికే అన్నారు. తక్కిన రెంటికీ ముందు కట్టవలసిన సొమ్మును సగం చేశారు. ప్రభుత్వం మారినప్పుడల్లా లెక్క మారింది. రాష్ట్రంలో చాలాచోట్ల పనులు ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. ఇల్లు చేతికి రాకుండానే బ్యాంకు వాయిదాలు మీద పడినవారూ ఉన్నారు.

ఇంత గందరగోళంలోనూ ఈ పథకంలో ఒక మంచి ఉంది. అందరికీ ఒకే కొలత ఇల్లు కట్టలేదు. రోజు కూలి మీద బతికేవాడికీ, చిన్న జీతగాడికీ, అప్పుచేసి అయినా లక్ష కట్టగలిగినవాడికీ ఒకే కాలనీలో చోటు చూపించారు. ఈ పద్ధతికి కేంద్రం నిబంధనల్లోనూ ఆధారముంది. మొదటి విడత ఆవాస్ యోజనలో ప్రభుత్వమో, ప్రైవేటు వారో రకరకాల ఇళ్ళు కలిపి ఒకే చోట కట్టవచ్చు. అయితే కనీసం 250 ఇళ్ళుండాలి. వాటిలో నూటికి 35 తగ్గకుండా బాగా పేదవారికి ఉండాలి. అప్పుడే సాయం అన్నారు.

కలిసి ఉంటే ఏం లాభం

మన ఊళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఎవరి వీధి వారిది, ఎవరి పేట వారిది. రోడ్డు ముందు ఎక్కడ పడుతుంది, కుళాయి ముందు ఎక్కడికి వస్తుంది, వీధి దీపం ఎక్కడ ఆరిపోయినా అడిగే నాథుడు ఉండడు అన్నవి పేట పేరు చెబితేనే తెలిసిపోతాయి. పేదవారిని అందరినీ ఒక మూల పెడితే ఆ మూలకు నీళ్ళు కూడా చివరే వస్తాయి.

ఒకే మేడలో కింద కొబ్బరి దింపు కార్మికుడు, పైన ఆఫీసు అటెండరు, ఆ పైన చిన్న వ్యాపారి ఉన్నారనుకోండి. మోటారు చెడిపోతే ముగ్గురికీ నీళ్ళు రావు. అర్జీ రాయగలిగినవాడు రాస్తాడు. ఆఫీసులో తెలిసినవాడున్న మనిషి వెళ్ళి అడుగుతాడు. పనికి ఒళ్ళు వంచగలవాడు ముందు నిలబడతాడు. ఒకరికొకరు మేలు చేద్దామని కాకపోయినా, అవసరం ముగ్గురినీ ఒకచోట నిలబెడుతుంది.

టిడ్కో ఇళ్ళను లాటరీ తీసి కేటాయించడంలో మరో మేలు ఉంది. పక్కింటివారు ఎవరో మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో రేగిన ఆందోళన హింసగా మారి ఇళ్ళు తగులబడ్డ సంగతి మనం మరిచిపోలేదు. ఒకే మెట్లు ఎక్కి దిగేవారి మధ్య, ఒకే కుళాయి దగ్గర బిందె పెట్టేవారి మధ్య అంత దూరం పెరగదని గ్యారంటీ ఏమీ లేదు. కాని వేరు వేరు పేటల్లో పెరిగే దూరంకంటే తక్కువే పెరుగుతుంది.

కేవలం పేదలనే ఒకచోట పేర్చితే ఏమవుతుందో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం చూపించింది. ప్రూయిట్ ఐగో అనే పేరుతో అక్కడ 1950లలో పదకొండు అంతస్తుల మేడలు 33 కట్టారు. మేడల బాగోగులన్నీ అద్దెల సొమ్ముతోనే జరగాలన్నారు. ఉన్నవారు నిరుపేదలు. అద్దెలు చాలక లిఫ్టులు, గొట్టాలు బాగుచేసే దిక్కులేక, కలిగినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, మేడలు పాడుపడ్డాయి. 1972లో మందుపెట్టి కూల్చడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళు నిండకుండానే ఆ కథ ముగిసింది. అది అంత పెద్ద దేశంలో జరిగింది. ఇక మన సంగతి చెప్పాలా?

అంగడి మాటేమిటి?

ఇళ్ళ పథకంలో అన్నిటికీ లెక్కలున్నాయి. గది కొలత ఉంది, అప్పు ఉంది, వాటా ఉంది. అంగడి మాత్రం తరువాతి మాట. ప్రభుత్వం ఇచ్చే లక్షన్నరా ఇంటికే గాని దుకాణానికి కాదు. అందుచేత దాని గురించి అడిగేవారు లేరు.

వెయ్యి కుటుంబాలు కాపురముండే చోటు ఒక పెద్ద ఊరితో సమానం. అంత ఊరికి కిరాణా కొట్టు కావాలి, పిండిమర కావాలి, టిఫిను హోటలు, మందుల షాపు, కుట్టు మిషను, పంక్చరు వేసేవాడు, మంగలి షాపు, పాల బూతు అన్నీ కావాలి. మన పల్లెల్లో ఇవి ఎవరూ ప్లాను వేసి పెట్టలేదు. ఇంటి అరుగే అంగడి అయింది. వీధివైపు గది కొట్టయింది. పెరట్లో గేదె పాలకేంద్రం అయింది. మూడో అంతస్తులో ఇచ్చిన 300 అడుగుల ఇంటికి అరుగెక్కడ? పెరడెక్కడ? ఇడ్లీ బండి పెట్టుకు బతికేవాడికి పై అంతస్తు వస్తే బండి ఎక్కడ పెట్టుకుంటాడు? ఇల్లిచ్చి, బతుకు తెరువు తీసుకున్నట్టవుతుంది.

దూరం ఖర్చు కూడా చూడాలి. పట్నానికి వెళ్ళి రావడానికి మనిషికి రోజుకు 40 రూపాయలు అవుతుందనుకుందాం. నెలకు 25 రోజులు పని దొరికితే వెయ్యి రూపాయలు. ఆలుమగలు ఇద్దరూ పనికి పోతే రెండు వేలు. అద్దె తప్పిందని సంతోషించేలోగా ఆ డబ్బు ఆటోకు పోతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు హోటల్లో పొయ్యి వెలిగించవలసిన మనిషికి ఆ వేళ ఆటో కూడా ఉండదు. అందుకే చాలాచోట్ల ఇల్లు వచ్చినవారు తాళం వేసి పట్నంలో పాత గదిలోనే ఉంటున్నారు. లేదా ఎవరికో అద్దెకిచ్చి వస్తున్నారు. అది వారి తప్పని అధికారులు నోటీసులిస్తే సరిపోదు.

దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. జనం చేరితే దుకాణాలు అవే వస్తాయన్నది ఒకటి. దుకాణాలు లేవు గనుక జనం చేరడం లేదన్నది రెండోది. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఈ ముడి విప్పవలసింది ప్రభుత్వమే. రేషను షాపు, పాల కేంద్రం, వైద్య కేంద్రం, అంగన్‌వాడీ మొదట్లోనే తెరిస్తే మిగిలిన కొట్లు వాటి చుట్టూ చేరతాయి. వారానికి రెండు రోజులు సంత పెట్టడానికి ఖాళీ జాగా, నాలుగు రేకుల షెడ్లు చాలు. చుట్టుపక్కల రైతు తన వంకాయలు, అరటి గెలలు దళారికి వేయకుండా అక్కడే అమ్ముకుంటాడు. కాలనీ వారికి చవక, రైతుకు నాలుగు డబ్బులు.

కొత్తగా కట్టే చోట్ల కింది అంతస్తులో వీధివైపు వరసగా చిన్న కొట్లు కట్టాలి. ఇది కొత్త సంగతి కాదు. సింగపూరులో 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టినప్పటి నుంచి ఇళ్ళతోపాటే బజారు, తినుబండారాల కొట్లు, బడి కలిపి కట్టుకొచ్చారు. ఆ దేశంలో నూటికి 75 మందికి పైగా ఆ బోర్డు ఇళ్ళలోనే ఉన్నారు. మన పక్క రాష్ట్రం తెలంగాణలోనూ కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు 2023 జూన్‌లో ప్రారంభించినప్పుడు వాటితోపాటు షాపింగు కాంప్లెక్సులు కూడా కట్టారు. అదీ హైదరాబాదుకు దూరమన్న మాట వచ్చింది. అంగడి ఉంటేనే చాలదు, పని కూడా అందుబాటులో ఉండాలని దానివల్ల తెలుస్తున్నది.

కొట్లు ఎవరికి?

కొట్లు కట్టగానే వేలం పాట పెడతారు. పాటలో గెలిచేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పట్నంలో నాలుగు కొట్లున్న ఆసామి అయిదోది పాడుకుని, దాన్ని మళ్ళీ ఎక్కువ అద్దెకు ఇస్తాడు. అప్పుడు పేరు పేదల కాలనీ, లాభం పెద్దల ఖాతా అవుతుంది.

కనుక కొట్లు అమ్మరాదు, అద్దెకే ఇవ్వాలి. కాలనీలో కాపురముండే వారికి, మహిళా పొదుపు సంఘాలకు, వికలాంగులకు మొదటి హక్కు ఉండాలి. మొదటి ఏడాది నామమాత్రపు అద్దె చాలు. వచ్చిన అద్దె సొమ్ము మునిసిపాలిటీ జమలో కలిసిపోకుండా ఆ కాలనీ మరమ్మతులకే పోవాలి. ట్యాంకు కడగడానికి, మోటారు బాగుకు, మెట్ల మీద దీపాలకు ఖర్చుపెట్టాలి. జమాఖర్చులు నెలనెలా బోర్డు మీద రాసి పెట్టాలి. సెయింట్ లూయిస్‌లో లేనిదీ, మనం ఏర్పాటు చేసుకోగలిగినదీ ఇదే.

తోపుడు బండ్ల వారికి 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. వీధి వ్యాపారుల లెక్క తీయాలి. వారికి చోటు చూపించాలి. పట్టణ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి అని ఆ చట్టం చెబుతున్నది. ఇళ్ళ ప్లాను గీసేటప్పుడు ఆ కమిటీని పిలిచి అడిగితే, బండి ఎక్కడ నిలపాలో ఇంజనీరుగారికి వారే చూపిస్తారు.

కింద కొట్లు, పైన ఇళ్ళు పెడితే బజారులో పాత వ్యాపారులకు దెబ్బ అంటారు. ఆ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే కాలనీ కొట్లో కొనేది రోజువారీ సరుకు. పెళ్ళి బట్టలకు, బంగారానికి, ఇనుప సామానుకు జనం అమలాపురం బజారుకే వెళతారు. ఇంటి దగ్గర కొట్టు ఉండి నెలకు రెండు వేలు మిగిలితే, ఆ డబ్బు చివరికి చేరేది బజారుకే.

నేల, నీరు

కోనసీమ నేల కొండనేల కాదు. నాలుగు అడుగులు తవ్వితే నీరు. బరువైన మేడ కడితే పునాది లోతుగా పోవాలి. మురుగు భూమిలోకి ఇంకే వీలు తక్కువ. మరుగుదొడ్ల నీరు శుద్ధిచేయకుండా వదిలితే ముందు డ్రెయినులోకి, తరువాత గోదావరిలోకి చేరుతుంది. సముద్రం దగ్గరైన కొద్దీ బోరు నీరు ఉప్పు తేలుతుంది. అందుచేత తాగునీరు, మురుగు శుద్ధి రెండూ పూర్తికానిదే గృహప్రవేశం పెట్టరాదు.

ఇంకొకటి. లే అవుట్లు మెరక చేసినప్పుడు నీరు ఎటు పోతుందన్నది ఎవరూ చూడడం లేదు. ఒక చేను మెరకైతే పక్క చేను పల్లమవుతుంది. 1986 ఆగస్టు వరదలు చూసినవారు, 2022 జులై వరదలు చూసినవారు ఊరూరా ఉన్నారు. నీరు పోయే దారి మూసి ఇళ్ళు కడితే ఆ ఇళ్ళూ మునుగుతాయి, పక్క ఊరూ మునుగుతుంది. అదే సమయంలో 1996 నవంబరు 6 తుపానుకు మన పాకలు, పెంకుటిళ్ళు ఏమయ్యాయో తెలిసినవారు గట్టి మేడ విలువనూ కాదనలేరు. మేడలు కావాలి. కాలువ దారి వదిలి కావాలి.

పన్ను ఎవరికి, చెత్త ఎవరిది?

పట్నం వారికోసం పల్లెలో కాలనీ కడితే తేల్చవలసిన చిక్కులు చాలా ఉన్నాయి. ఇంటి పన్ను పట్నానికా, పల్లెకా? చెత్త ఎత్తేది ఎవరు? దీపం ఆరితే ఎవరికి చెప్పాలి? పిల్లలు చేరితే ఊరి బడిలో గదులెవరు కట్టిస్తారు? ఇవి కాగితం మీద ముందే తేల్చకపోతే ఒకరు మరొకరి మీదకు తోస్తారు. ఊరివారికీ కాలనీవారికీ లేనిపోని తగవులు పుడతాయి. కొత్తగా వచ్చినవారి వల్లే మన కాలువ పాడైంది అని ఊరివారు అంటారు. మమ్మల్ని ఇక్కడ పారేశారు అని వారంటారు. ఇద్దరి మాటా నిజమే. తప్పు మాత్రం ఇద్దరిదీ కాదు.

ఇకముందు పట్నంలోనే

2022 ఏప్రిల్ 4 నుంచి అమలాపురం జిల్లా కేంద్రం. కలెక్టరేటు వచ్చింది, ఆఫీసులు వచ్చాయి. పట్నం చుట్టూ కొబ్బరితోటలు ప్లాట్లవుతున్నాయి. అద్దెలు పెరిగే కొద్దీ ముందు పట్నం వదలవలసింది తక్కువ కూలివాడే. కాని అతను లేకుండా ఆ ఆఫీసుల ఎదుట టీ కొట్టు నడవదు, ఆసుపత్రిలో వార్డు శుభ్రం కాదు.

పేదవారిని ఉన్నచోటే ఉంచి మంచి ఇళ్ళు కట్టడం సాధ్యమేనని సికింద్రాబాదులోని ఐడీహెచ్ కాలనీ చూపించింది. పాత బస్తీ తీసి అదే చోట 396 ఇళ్ళు కట్టి 2015లో అప్పగించారు. అమలాపురంలో అంత పెద్ద జాగా ఒకేచోట ఉండకపోవచ్చు. అరెకరం ఇక్కడ, పావెకరం అక్కడ ఉంటే చాలు. కింద కొట్లు, పైన రెండు మూడు రకాల కొలతల ఇళ్ళు కట్టవచ్చు. చిన్న మేడ అయితే నిర్వహణా తేలిక.

2024లో మొదలైన ఆవాస్ యోజన రెండో విడత ఇందుకు అవకాశమిస్తున్నది. ఏడాదికి 3 లక్షల లోపు, 6 లక్షల లోపు, 9 లక్షల లోపు ఆదాయం ఉన్నవారిని మూడు తరగతులుగా చూస్తున్నది. సొంత ఇళ్ళే కాదు, అద్దె ఇళ్ళకూ అందులో చోటుంది. చదువుకోసం, పనికోసం పల్లెనుంచి పట్నం వెళ్ళే మన పిల్లలకు కావలసింది అదే. ఒంటరి ఆడపిల్ల భయం లేకుండా ఉండగల గది, న్యాయమైన అద్దె.

కాబట్టి అధికారులను, ప్రజాప్రతినిధులను అడగవలసింది ఇది. పట్నంలో మునిసిపాలిటీకి, ప్రభుత్వ శాఖలకు ఉన్న ఖాళీ జాగాల జాబితా బయట పెట్టండి. వాటిలో కట్టగలిగినన్ని ఇళ్ళు కట్టాకే పల్లె పొలాల వైపు చూడండి. బోడసకుర్రు కాలనీకి పట్నం నుంచి తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక కూడా బస్సు నడపండి. సంతకు జాగా చూపించండి. కొట్లు వేలం వేయకండి. కొత్త ప్లాను ఏది గీసినా సంతకం పెట్టకముందు ఊరి గ్రామసభలో, పట్నం వార్డులో చదివి వినిపించండి.

నేడు అమలాపురానికి వచ్చిన ప్రశ్న రేపు రావులపాలేనికి, రాజోలుకు, కొత్తపేటకు రాక తప్పదు. అప్పుడు మళ్ళీ మొదటినుంచి తడుముకోకుండా ఇప్పుడే ఒక పద్ధతి ఏర్పడాలి. ఇల్లు, పని, అంగడి మూడూ ఒక నడక దూరంలో ఉండాలన్నది గొంతెమ్మ కోరిక కాదు. మన తాతల నాటి పల్లెలన్నీ అలాగే కట్టుకున్నవే.